మోడల్ రైళ్ళ మీట్‌కి వెళ్ళాలా, వద్దా? గోదావరి జిల్లాల వాళ్ళ కోసం

"హైదరాబాద్‌లో మోడల్ రైళ్ళవాళ్ళంతా కలుస్తున్నారటండీ, వెళ్ళమంటారా?" భీమవరం, తణుకు, కాకినాడ, అమలాపురం... ఊరు మారుతుంది గానీ ప్రశ్న మారదు. కొందరికి హైదరాబాద్ బదులు చెన్నై, బెంగళూరు, పుణే. ఒక్కొక్కరికి ఫోన్‌లో చెప్పేదంతా ఒకచోట రాసేస్తే నాకూ మీకూ సుఖం.

మీట్ బావుంటుందా అని మాత్రం అడక్కండి. బావుంటుంది. ఒక హాలు నిండా అచ్చం అసలువాటిలా ఉండే చిన్న ఇంజన్లు, బోగీలు, వాటి గురించి ఎంతసేపైనా మాట్లాడే మనుషులు ఉంటే ఎందుకు బావుండదు? మీరు తేల్చుకోవాల్సింది ఇంట్లో పెద్దవాళ్ళు అడిగే ప్రశ్న: "అక్కడ నీకేం పని?" దీనికి ఒక్క వాక్యంలో జవాబు ఉంటే వెళ్ళండి. లేకపోతే కింద చెప్పినవి చేసి చూడండి, ఒక సాయంత్రంలో తేలిపోతుంది.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఒక కాగితం, పెన్ను. ఫోన్‌లో రాసుకుంటే తర్వాత వెతుక్కోవాలి, కాగితమే మేలు.
- మీ దగ్గరున్న సామాను జాబితా: స్కేలు (మోడల్ అసలు రైలులో ఎన్నో వంతు), పట్టాల రకం, కంట్రోలర్ (పట్టాలకి కరెంటు ఇచ్చి వేగం మార్చే పెట్టె) ఏది, బోగీల కొక్కేలు ఎలా ఉన్నాయి. కొక్కేలకు దగ్గరగా ఫొటో తీసి ఉంచుకోండి.
- మిల్లీమీటర్లున్న 15 సెంటీమీటర్ల కొలిచే స్కేలు, 30 సెంటీమీటర్లదైతే ఇంకా మంచిది.
- లేఅవుట్ (పట్టాలు పరిచి రైళ్ళు నడిపే బల్ల) పెట్టే చోటు పొడవు, వెడల్పు. ఇంకా కట్టకపోయినా సరే, ఎక్కడ పెడతారో కొలవండి.
- మీట్ పెట్టేవాళ్ళ ఫోన్ నంబరు.
- ఇంట్లోవాళ్ళు ఒప్పుకున్న మొత్తం. మీరు మనసులో అనుకున్నది కాదు.

1. పని ఏంటో రాయండి

కాగితం మీద "నేను అక్కడికి వెళ్తే..." అని మొదలుపెట్టి వాక్యం పూర్తి చేయండి. పనికొచ్చే జవాబులు ఇలా ఉంటాయి: "నడుస్తున్న డబ్ల్యూఏపీ-7 కరెంటు ఇంజన్ మోడల్ కళ్ళతో చూసి కొనాలో వద్దో తేల్చుకుంటాను." "మలుపులో బోగీలు ఎందుకు పడిపోతున్నాయో తెలిసినవాళ్ళని అడుగుతాను." "మా నాన్నగారు దుబాయ్ నుంచి తెచ్చిన సెట్టు విలువ కనుక్కుంటాను."

"అందరూ వెళ్తున్నారు", "మంచి బేరాలు తగులుతాయట" అన్నవి పనులు కావు. ముఖ్యంగా రెండోది. ఏ బేరమో తెలియకుండా బేరానికి వెళ్ళినవాడు సంచీ నింపుకుని వస్తాడు, ఇంట్లో ఏదీ ఏదానికీ తగులుకోదు.

"ఊరికే చూసొద్దామని" అన్నది కూడా జవాబే, తప్పేం లేదు. కాకపోతే అప్పుడు దాన్ని సరదా ప్రయాణంగా లెక్కవేసుకుని, కొనడానికంటూ డబ్బు వేరే పెట్టుకోకండి.

చాలామంది బయటికి చెప్పని ఇంకో సంగతి ఉంది. "నా దగ్గర ఖరీదైన ఇంజన్లు లేవు, చిన్నచూపు చూస్తారేమో" అని టెన్షన్. ఎనిమిది బోగీలున్నవాడినీ ఎనభై ఇంజన్లున్నవాడినీ అక్కడ ఒకే టేబుల్ దగ్గర చూడొచ్చు. ఏమీ తీసుకెళ్ళకపోయినా పర్వాలేదు. ఒక మంచి ప్రశ్న తీసుకెళ్ళండి. సేకరించేవాళ్ళకి తమ సామాను గురించి అడిగేవాడు దొరికితే పండగే.

2. అది ఏ రకం మీట్?

మీట్ అన్న పేరుతో మూడు రకాలు జరుగుతాయి. పెట్టేవాళ్ళకి ఫోన్ చేసి ఏదో కనుక్కోండి.

కొనుగోళ్ళు, మార్పిడి జరిగే మీట్: టేబుళ్ళ మీద సామాను పెట్టుకుని కూర్చుంటారు. ఇక్కడ నడిపి చూపించే పట్టాలు ఉన్నాయా లేదా అన్నది తప్పకుండా అడగండి. లేకపోతే కొనేవాడికి సగం ఉపయోగం పోయినట్టే.

ప్రదర్శన: పెద్ద లేఅవుట్లు కట్టి నడుపుతారు. పిల్లలతో వెళ్ళడానికి ఇదే మంచిది. కొనడానికి పెద్దగా ఏమీ ఉండకపోవచ్చు.

నడుపుకునే మీట్: ఒక్కొక్కరూ ఒక లేఅవుట్ ముక్క తెచ్చి అన్నీ కలిపి ఒకే లైనుగా పరుస్తారు. ఎన్ స్కేలులో (అసలు రైలులో 160వ వంతు) టీ-ట్రాక్ అనే పద్ధతి ఇలాంటిదే. అందులో చిన్న ముక్క అడుగు పొడవే ఉంటుంది, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళొచ్చు. ఈ రకం మీట్‌కి ఖాళీ చేతులతో వెళ్తే చూడ్డమే మిగులుతుంది. ముక్క కట్టుకుని వెళ్తే మాత్రం ఒక్క రోజులో బోలెడు నేర్చుకుంటారు. మనవాళ్ళకి ఏం కట్టాలో వెతుక్కోవాల్సిన పని కూడా లేదు: రాజమండ్రి దగ్గర 1897లో తెరిచి 1997 దాకా రైళ్ళు నడిచిన హేవలాక్ వంతెన ఉంది, దానితోపాటు రోడ్డు కం రైలు వంతెన, కాంక్రీటు విల్లుల వంతెన. హేవలాక్‌వి రెండు గడ్డర్లు, కింద రాతి స్తంభం పెడితే చాలు, గోదావరి వాడని హాలంతా గుర్తుపడుతుంది. విల్లుల వంతెన జోలికి మొదట్లో వెళ్ళకండి. అసలు వంతెనలో ఒక్కో విల్లు 97 మీటర్ల పైమాటే, అంటే ఎన్ స్కేలులో కూడా 60 సెంటీమీటర్లు దాటుతుంది.

ఫోన్‌లో అడగాల్సిన మిగతావి: ప్రవేశ రుసుము ఉందా, ఎక్కువమంది తెచ్చేది ఏ స్కేలు, కొత్తవాళ్ళు రావచ్చా సభ్యులకేనా, పిల్లల్ని తేవచ్చా. జవాబు చెప్పడానికి విసుక్కుంటే అది కూడా ఒక జవాబే.

3. స్కేలు కలుస్తుందో లేదో చూడండి

దీని దగ్గరే ఎక్కువమంది పప్పులో కాలేస్తారు. సిద్ధాంతం వద్దు, కొలిచి చూడండి. మీ పట్టాల మధ్య లోపలి కొలత 16.5 మిల్లీమీటర్లు ఉంటే అది హెచ్‌ఓ లేదా ఓఓ. 9 ఉంటే ఎన్. 32 ఉంటే 'ఓ' గేజ్. 45 ఉంటే తోటల్లో నడిపే పెద్దవి.

హెచ్‌ఓ అసలు రైలులో 87వ వంతు, ఇంగ్లండ్ వాళ్ళ ఓఓ 76వ వంతు. రెండూ ఒకే పట్టాల మీద నడుస్తాయి గానీ పక్కపక్కన పెడితే ఓఓ బోగీ లావుగా కనిపిస్తుంది. కొందరికి అది పట్టదు. పట్టేవాళ్ళకి రాత్రి నిద్ర పట్టదు. మీరు ఏ రకమో ముందే తెలుసుకోండి.

ఇంకో మాట. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 19 మిల్లీమీటర్ల పైన రావాలి. కానీ దొరికే భారతీయ రైల్వే మోడళ్ళలో ఎక్కువ 16.5 మీదే నడుస్తాయి, ఎందుకంటే పట్టాలు అవే దొరుకుతాయి కాబట్టి. దీని మీద అమ్మేవాళ్ళతో వాదన పెట్టుకోకండి. పాపం వాళ్ళకీ తెలుసు.

అమెరికాలో ఉన్న తమ్ముడో, బాబాయిగారి అబ్బాయో "ఇక్కడ పెద్ద మీట్ ఉంది, నీకేం కావాలో చెప్పు" అంటే కూడా ఇదే పద్ధతి. పెన్సిల్వేనియాలోని యార్క్‌లో ట్రైన్ కలెక్టర్స్ అసోసియేషన్ వాళ్ళ మీట్ ఏటా ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో జరుగుతుంది. చాలా పేరున్నది. కానీ దాని ప్రాణమంతా లయనెల్ కంపెనీ లాంటివాళ్ళ 'ఓ' గేజ్ రైళ్ళు, పాత రేకు రైళ్ళు. మీ ఇంట్లో హెచ్‌ఓ ఉంటే అక్కడ మీకోసం రోజంతా తిరగమని అతన్ని పంపడం అన్యాయం. పైగా అమెరికా కంట్రోలర్లు 120 వోల్టులవి. మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే పొగ వస్తుంది. అడాప్టర్ మీద 100 నుంచి 240 అని రాసి ఉంటేనే ఇక్కడ పెట్టండి. రాసి లేకపోతే కంట్రోలర్ వదిలేసి రైలు మాత్రమే తెమ్మనండి.

4. చోటు కొలవండి

అసలు కొనాలా అన్నది మీట్‌లో కాదు, మీ ఇంట్లో తేలుతుంది. పాత నీలం ఐసీఎఫ్ బోగీ హెచ్‌ఓలో 24.5 సెంటీమీటర్లు వస్తుంది. ఎల్‌హెచ్‌బీ బోగీ (ఇప్పటి కొత్త రకం) 27. ఇంజన్‌కి అయిదు బోగీలు తగిలిస్తే మీటరున్నర దాటింది. హార్న్‌బీ కంపెనీ పట్టాల్లో అన్నిటికంటే చిన్న మలుపు వ్యాసార్థం 371 మిల్లీమీటర్లు, తర్వాతది 438. ఎల్‌హెచ్‌బీ పొడవు బోగీలు మొదటిదాంట్లో తిరిగితే మూలలు బయటికి పొడుచుకొచ్చి పక్క లైను బోగీని కొడతాయి, ఒక్కోసారి పట్టాలు తప్పుతాయి.

438 మలుపుతో ఒక గుండ్రం వేయాలంటే అంచులతో కలిపి మూడడుగులకు పైగా వెడల్పు కావాలి. అంత లేకపోతే రెండు దారులు: ఎన్ స్కేలు, లేదా గుండ్రం మానేసి గోడ పక్కన తిన్నగా ఒక చిన్న స్టేషన్. మన కోటిపల్లి లైను లాంటిది తిన్నగా కట్టుకోవడానికి భలే వీలు. చివరి స్టేషను, ఒక ప్లాట్‌ఫామ్, ఒక రైలుబస్సు, అంతే. 1928లో వేసి, రెండో ప్రపంచ యుద్ధానికి పట్టాలు పీకేసి, 2004లో మళ్ళీ వేసిన లైను అది. చెప్పుకోవడానికి కథ కూడా ఉంది.

5. ఖర్చు లెక్క

కాగితాన్ని మధ్యకి గీత గీయండి. ఎడమవైపు రానూపోనూ టికెట్లు, ఆటోలు, తిండి, ప్రవేశం, అవసరమైతే లాడ్జి. కుడివైపు కొనడానికి పెట్టుకున్నది.

నా లెక్క ఇది: కొనడమే పని అయితే, ఎడమ మొత్తం కుడి మొత్తంలో సగం దాటితే వెళ్ళొద్దు. ఉదాహరణకి ప్రయాణానికి 2,500 అయ్యి, కొనేది 3,000 రూపాయల బోగీలైతే కొరియర్‌లో తెప్పించుకోండి. అదే 15,000 పెట్టి ఇంజన్ కొంటున్నారంటే, నడిపి చూడకుండా కొనడమే నష్టం, వెళ్ళండి. నేర్చుకోవడమే పని అయితే ఈ లెక్క వర్తించదు.

పాత సామాను వైపు చూడ్డానికి ఒక గట్టి కారణం ఉంది. విదేశాల నుంచి వచ్చే బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు. స్కేలు మోడళ్ళు కూడా ఆ పద్దులోకే వస్తాయి. అందుకే ఇప్పటికే దేశంలో ఉన్న పాత ఇంజన్‌కి మంచి గిరాకీ, మీట్‌లో చేతులు మారేవి ఎక్కువగా అవే.

హెచ్చరిక: అప్పు చేసి, క్రెడిట్ కార్డు గీకి మీట్‌కి వెళ్ళకండి. పెట్టుకున్న మొత్తంలో కొంత నోట్లుగా ఉంచండి. నలుగురూ ఒకేసారి ఫోన్లు తీస్తే హాల్లో సిగ్నల్ అందదు. నోట్లు అయిపోతే అక్కడితో ఆగడానికి కూడా అదే వీలు.

6. తేదీ, టికెట్లు

రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు, 2024 నవంబర్‌కి ముందులాగా 120 కాదు. మీట్ ఆదివారం అయితే శనివారం రాత్రి గౌతమిలోనో నరసాపురం ఎక్స్‌ప్రెస్‌లోనో ఎక్కి, ఆదివారం రాత్రి తిరిగి ఎక్కితే లాడ్జి ఖర్చు ఉండదు. బెంగళూరు అయితే కాకినాడ నుంచి శేషాద్రి ఉంది. అమలాపురం వాళ్ళకి ఊళ్ళో రైలే లేదు, రాజమండ్రో కాకినాడో రావాలి. రైళ్ళంటే అంత పిచ్చి కోనసీమ వాళ్ళకెందుకో ఇప్పుడర్థమైంది కదా.

ముందు తిరుగు టికెట్ చూడండి. వెళ్ళడానికి దొరికి రావడానికి దొరక్కపోతే సోమవారం ఆఫీసులో సమాధానం చెప్పుకోవాలి. సంక్రాంతి అటూ ఇటూ అయితే ఆశ వదులుకోండి. అక్టోబర్, నవంబర్ నెలల్లో తుపాను హెచ్చరిక వస్తే మొహమాటం లేకుండా మానేయండి, తడిసిన అట్టపెట్టె మళ్ళీ పెట్టె కాదు.

7. ఇక తేల్చండి

కాగితం చూసి ఈ మూడిటికీ జవాబు రాయండి. నా పని ఆ రకం మీట్‌లో అవుతుందా? నా స్కేలు వాళ్ళు అక్కడ ఉంటారా? డబ్బు, టికెట్ రెండూ కుదిరాయా?

మూడూ అవును అయితే వెళ్ళండి. మూడోది కాదు అయితే వచ్చేసారి చూడండి, ఒకసారి పెట్టినవాళ్ళు మళ్ళీ పెడతారు. మొదటిది కాదు అయితే మిగతావి అవునైనా మానేయండి. రెండోది తెలియకపోతే మళ్ళీ ఫోన్ చేయండి. ఊహించుకుని బయల్దేరకండి.

18 ఏళ్ళు నిండనివాళ్ళు ఇంట్లో పెద్దవాళ్ళతోనే వెళ్ళాలి. నాన్నగారికి రైళ్ళంటే ఇష్టం లేకపోయినా అక్కడికి వచ్చాక మీకంటే ఎక్కువ ప్రశ్నలు వేస్తారు.

8. వెళ్తే: కొనేముందు పరీక్షలు

సంచీలో ఇవి పెట్టుకోండి: చిన్న అయస్కాంతం, రెండు వైర్లు తగిలించిన 9 వోల్టుల బ్యాటరీ, చిన్న టార్చి, మెత్తటి నూలుగుడ్డ, టిష్యూ కాగితం, కొలిచే స్కేలు. మీ జాబితా ఎలాగూ ఉంటుంది. అక్కడివాళ్ళకి పూతరేకులు పట్టుకెళ్తే సంతోషమే గానీ వేరే సంచీలో పెట్టండి, నెయ్యి అంటిన పట్టా మీద ఇంజన్ జారుతుంది.

ఏది ముట్టుకోవాలన్నా ముందు అడగండి. అమ్మకానికి లేనివి కూడా టేబుల్ మీద ఉంటాయి.

పట్టాలు కొంటుంటే అయస్కాంతం పెట్టండి. అంటుకుంటే ఉక్కు. మన డెల్టా గాలికి, ఉప్పు తేమకి ఉక్కు పట్టాలు తుప్పు పట్టి రైలు ఆగి ఆగి నడుస్తుంది. ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. అంటుకోకుండా తెల్లగా ఉంటే నికెల్ సిల్వర్, అదే కావాలి. పసుపు రంగులో ఉంటే ఇత్తడి, నడుస్తుంది గానీ తరచూ తుడవాలి.

ఇంజన్ దగ్గర తొందరపడకండి. మొదట చక్రాలు చూడండి. టిష్యూ మీద నెమ్మదిగా దొర్లిస్తే నల్లటి చారలు పడితే మురికి, అది పోతుంది. చక్రం మీద గుంటలు, తుప్పు ఉంటే పోదు. రబ్బరు పట్టీలున్న చక్రాలైతే పట్టీ గట్టిపడిందేమో గోటితో నొక్కి చూడండి. గట్టిపడితే మార్చొచ్చు, ఆ మేరకు ధర తగ్గించమనండి.

తర్వాత కింది లోహపు చట్రం. టార్చి వేసి పగుళ్ళు, ఉబ్బు, వంకర ఉన్నాయేమో చూడండి. పాత జింకు పోతల్లో కల్తీ ఉంటే ఏళ్ళు గడిచేకొద్దీ లోపలి నుంచే పగులుతుంది. దానికి మందు లేదు. అలాంటి ఇంజన్ షోకేసుకి తప్ప నడపడానికి పనికిరాదు.

ఇప్పుడు నడిపించండి. పట్టాలు ఉంటే పట్టాల మీద, లేకపోతే అమ్మేవాళ్ళని అడిగి మీ 9 వోల్టుల బ్యాటరీ వైర్లు ఒకటి ఎడమ చక్రానికి, ఒకటి కుడి చక్రానికి ఆనించండి. మామూలు డీసీ ఇంజన్ తిరగాలి. వైర్లు మార్చితే వెనక్కి తిరగాలి. చూడాల్సింది వేగం కాదు. నెమ్మదిగా కదిలేటప్పుడు కుదుపు లేకుండా వెళ్తోందా? టిక్ టిక్ అని లెక్కపెట్టినట్టు శబ్దం వస్తే పళ్ళ చక్రం పగిలి ఉండొచ్చు. కాలిన వాసన వస్తే పక్కన పెట్టేయండి.

ఈ బ్యాటరీ పరీక్ష చేయకూడనివి రెండు. మార్‌క్లిన్ కంపెనీ మూడు పట్టాల ఏసీ ఇంజన్లు: వాటి రెండు వైపుల చక్రాలూ ఒకదానికొకటి కలిసే ఉంటాయి, బ్యాటరీ షార్ట్ అవుతుంది. మీ రెండు పట్టాల లేఅవుట్ మీద పెట్టినా అంతే. 1959కి ముందు హార్న్‌బీ డబ్లో అనే పాత రకం కూడా మూడు పట్టాలదే. రెండోది డీసీసీ డీకోడర్ (డిజిటల్ కంట్రోలర్ ఆదేశాలు అందుకునే చిప్) ఉన్న ఇంజన్: డీసీ మీద నడవకపోవచ్చు, నడవనంత మాత్రాన పాడైనట్టు కాదు. దాన్ని డీసీసీ కంట్రోలర్ మీదే చూపించమనండి. సాధారణంగా ఫ్యాక్టరీ నుంచి వచ్చే అడ్రస్ (కంట్రోలర్‌లో ఆ ఇంజన్‌ని పిలిచే నంబరు) 3. అలాగే డీకోడర్ లేని మీ ఇంజన్‌ని వాళ్ళ డీసీసీ పట్టాల మీద ఊరికే పెట్టి ఉంచకండి, గుయ్యిమని మూలిగి మోటారు వేడెక్కిపోతుంది.

బోగీలకి స్కేలు పెట్టి కొలవండి. ఐసీఎఫ్ హెచ్‌ఓ బోగీ అని 20 సెంటీమీటర్లది ఇస్తుంటే పొట్టి చేసినదని అర్థం. చిన్న మలుపులున్నవాళ్ళకి అదే మేలు కూడా, కానీ తెలిసి కొనాలి. విదేశీ ఇంజన్‌కి మన రంగులు వేసినవి కూడా చాలా తిరుగుతుంటాయి. రంగు ఎవరు వేశారని అడగడంలో తప్పు లేదు. పని బావుంటే నేనైతే కొంటాను.

పెట్టె మూత తీయగానే ముక్కు పెట్టండి. బూజు వాసన ఉంటే లోపల ఫోమ్ కరిగి రంగుకి అతుక్కుని ఉండొచ్చు. మన తేమలో అది ఇంకా త్వరగా ముదురుతుంది.

మొదటిసారి వెళ్ళినవాళ్ళు మొదటి గంట జేబులో చెయ్యి పెట్టకండి. అన్ని టేబుళ్ళూ చుట్టి రండి, అదే ఇంజన్ మూడు ధరలకి కనిపిస్తుంది. ఏం కావాలో నంబరుతో సహా తెలిసినవాళ్ళకి ఈ మాట వర్తించదు. వాళ్ళు తలుపులు తీయగానే ఉండాలి.

పాత సెట్టు విలువ తెలుసుకోవడానికి వెళ్తుంటే

నాన్నగారో తాతగారో ఓడ మీద తెచ్చిన పెట్టె అటక మీద ఉంటే, దాన్ని తోమకండి, రంగు వేయకండి. చింతపండు, బ్రాసో అసలే వద్దు. సేకరించేవాళ్ళకి పాత రంగే కావాలి. పొడి బ్రష్‌తో దుమ్ము దులపండి చాలు. పెట్టె, లోపలి కాగితాలు, విరిగిన ముక్కలు అన్నీ కలిపి తీసుకెళ్ళండి. ఇంజన్ కింద ఉన్న అంకెలు రాసుకోండి. పాత వైర్ల ట్రాన్స్‌ఫార్మర్‌ని "నడుస్తుందేమో చూద్దాం" అని ప్లగ్గులో పెట్టకండి. పాత రేకు రైళ్ళ రంగులో సీసం ఉండొచ్చు, చంటిపిల్లల చేతికి ఇవ్వకండి.

మొదట చెప్పిన ధరకి ఇచ్చేయకుండా కనీసం ఇద్దరిని అడగండి. ముగ్గురూ నలుగురూ ఆత్రంగా చుట్టూ చేరితే ఆ రోజు అసలు అమ్మకండి.

9. వెళ్ళకూడదని తేలితే

పని ఉంది, కుదరలేదు. అప్పుడు వెళ్తున్నవాళ్ళకి మీ జాబితా, కొక్కేల ఫొటో, గరిష్ట ధర ఇచ్చి పంపండి. హాల్లోంచి వీడియో కాల్ చేయమని, ఇంజన్‌ని నెమ్మదిగా నడిపి చూపించమని అడగండి. డబ్బు ముందే ఇచ్చేయండి, స్నేహం నిలుస్తుంది.

చూడ్డమే కావాలంటే పుణే కోత్రుడ్‌లో జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియం ఉంది. లేఅవుట్ ఎలా కట్టాలో ఒక గంటలో అర్థమవుతుంది. అసలు ఇంజన్లు కావాలంటే చెన్నైలో పెరంబూర్ దగ్గర రీజనల్ రైల్ మ్యూజియం. తేదీల తలనొప్పి రెండిటికీ లేదు, వారం సెలవు ఒక్కటి కనుక్కుంటే చాలు.

లేదంటే మీరే కలవండి. తాడేపల్లిగూడెం, నిడదవోలు, రాజమండ్రి లైనులో నలుగురుంటే ఒకరి హాలు, ఒక ఆదివారం చాలు. అందరూ ఒకే స్కేలుకి ఒప్పుకుని, ఒకే రకం పట్టాలు తెస్తే మధ్యాహ్నం భోజనానికి ముందే రైలు తిరుగుతుంది. కరెంటు పోతుందని ఒక ఇన్వర్టర్ ఉన్న ఇల్లు చూసుకోండి.

10. వచ్చాక సరిచూసుకోవడం

ఏసీ బోగీలోంచి దిగిన వెంటనే పెట్టెలు తెరవకండి. చల్లటి లోహం మీద మన తేమ గాలి తగిలితే నీళ్ళు పడతాయి. పూటంతా మూసి ఉంచి, గది వేడికి వచ్చాక తీయండి. తర్వాత ఇంజన్‌ని ముందుకి అరగంట, వెనక్కి అరగంట మధ్యస్థ వేగంతో తిప్పండి. లోపం ఉంటే అప్పుడే బయటపడుతుంది, అమ్మినవాళ్ళకి అదే వారం ఫోన్ చేయొచ్చు. నెల తర్వాత చేస్తే ఎవరు వింటారు?

పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేయండి. వర్షాకాలంలో వాటిని మార్చాలి.

మొదట రాసిన కాగితం పారేయకుండా నెల తర్వాత తీయండి. "అక్కడ నీకేం పని" అన్నదాని కింద మీరు రాసిన పని అయిందా? కొన్నది లేఅవుట్ మీద తిరుగుతోందా, లేక పెట్టెలోనే ఉందా? చిక్కొస్తే ఫోన్ చేయగల మనిషి ఒకరైనా దొరికారా? ఖర్చు గీతకి ఎడమవైపు ఎంత పెరిగింది? ఈ నాలుగూ ఆ కాగితం వెనకే రాసి, తర్వాతి మీట్ కబురు వచ్చినప్పుడు ముందు అది చదివి, ఆ తర్వాత టికెట్లు చూడండి.